అక్కకు ఆలస్యంగా తెలిసింది

మా పాపకి తొమ్మిదేళ్ళొచ్చినా చదవడం పట్టుబడలేదు. లెక్కలు నోటితో చెప్పేస్తుంది. కథ వింటే పొల్లుపోకుండా తిరిగి చెబుతుంది. పుస్తకం తెరిస్తే మాత్రం కడుపునొప్పి అంటుంది. ఒంగోల్లో పిల్లల సైకాలజిస్టుకి చూపించమని స్కూల్లో టీచరు చెప్పారు. పెద్దమ్మ పక్కనుంటే పాపకి ధైర్యమని మా అక్కను కూడా తీసుకెళ్ళాను.

అక్క నాకంటే ఆరేళ్ళు పెద్దది. ఐదో తరగతిలోనే బడి మానేసింది. అక్షరాలు తిరగేసి రాస్తుందని, చదవమంటే బిక్కమొహం వేస్తుందని బళ్ళో పంతులు కొట్టేవాడు, ఇంట్లో అమ్మ కొట్టేది. 'మొద్దు' అన్నదే దాని పేరైపోయింది. బడి మానాక మిరపకోతలకు వెళ్ళింది. పెళ్ళయ్యాకా అదే పని.

సైకాలజిస్టు చిన్న వయసమ్మాయే. పాప చేత బొమ్మలు పేర్పించింది, చదివించింది, రాయించింది. అంతా అయ్యాక మమ్మల్ని లోపలికి పిలిచింది.

"పాప తెలివికి లోటేం లేదండీ. అక్షరాన్నీ దాని శబ్దాన్నీ కలుపుకోవడం దగ్గరే ఇబ్బంది. దీన్ని డిస్లెక్సియా అంటారు. బద్ధకం కాదు, పొగరూ కాదు. వేరే పద్ధతిలో నేర్పితే వస్తుంది."

నా గుండె కుదుటపడింది. అక్క మాత్రం కుర్చీ అంచుకి జరిగింది.

"మేడమ్ గారూ, ఇది పెద్దోళ్ళక్కూడా ఉంటదా?"

"ఉంటుందమ్మా. చిన్నప్పటి నుంచీ ఉన్నదే, పెద్దయినా పోదు. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఉండటం కూడా మామూలే. ఎవరికండీ?"

అక్క కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఆ అమ్మాయి తొందరపెట్టలేదు. మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టింది. కాసేపటికి అక్కే మొదలుపెట్టింది. పలక, బెత్తం, బడికి పోకుండా గడ్డివాము వెనక దాక్కోవడం. నేను పైకి చదువుతుంటే పక్కన కూర్చుని నా పద్యాలన్నీ వింటూనే నేర్చేసుకుందట. అది నాకే తెలియదు.

"మీరు మొద్దు కాదమ్మా. మీక్కూడా ఓసారి పరీక్ష చేసి చూద్దాం. ఇప్పుడైనా నేర్చుకోవచ్చు," అందా అమ్మాయి.

"ఇప్పుడెందుకులేమ్మా," అంటూ అక్క లేచింది.

బస్సులో అక్క ఉన్నట్టుండి నావైపు తిరిగి, "వాళ్ళు కొట్టినందుకు కాదే. మొద్దునని నేను కూడా నమ్మాను చూడు, అదే నా బాధ," అంది.

ఇంటికొచ్చాక అమ్మకి విషయం నేనే చెప్పాను. అమ్మ వింటూ వింటూ చేతిలో చేట కింద పెట్టేసింది.

"నాకు మాత్రం ఎవరు చెప్పారే! పిల్ల బాగుపడాలనే కదా కొట్టింది!"

ఆ పూట అక్కకి అమ్మే అన్నం కలిపి పెట్టింది. అక్క తిన్నది గానీ అమ్మ మొహంలోకి చూడలేదు.

పాప ఇప్పుడు నెమ్మదిగా చదువుతోంది. శనివారం ఆ సైకాలజిస్టు చెప్పే క్లాసుకి పెద్దమ్మే తీసుకెళ్తుంది. ఆ అమ్మాయి లోపలికి రమ్మన్నా అక్క వరండా దాటదు. ఒకసారి ఉండబట్టలేక, "వెళ్ళొచ్చుగా అక్కా?" అన్నాను.

"ఇప్పుడు చదువొస్తే, చిన్నప్పుడే వచ్చుంటే ఏమయ్యుండేదాన్నో అని ఆలోచన మొదలవుద్ది. అది నావల్ల కాదే," అంది.