మైకాయన దగ్గు

మార్కెట్ యార్డులో మేడమీది గదికి కిటికీ ఒకటే. కిటికీ పక్కన బల్ల, బల్లమీద మైకు, మైకు ముందు మైకాయన. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఆయన సంతకంలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. రోజూ పొద్దున్నే పై ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చేది. వాన పడుతుందా లేదా, టమాటాకు ఏ మందు కొట్టాలి, పాలక్యాన్లు ఎలా కడగాలి, కోసిన పంట ఎలా ఆరబెట్టాలి, అన్నీ అందులోనే. ఆయన చదివేవాడు. స్తంభాలకు కట్టిన లౌడ్‌స్పీకర్లు ఆ మాటల్ని చుట్టుపక్కల పొలాల దాకా మోసుకెళ్లేవి.

కాగితానికి ఒక్క ముక్క కలపకూడదు, ఒక్క ముక్క తీయకూడదు. అది నియమం. కానీ ఆ కాగితం రాసేవాళ్లు ఎక్కడో దూరాన కూర్చుని రాసేవాళ్లు. మబ్బు నెత్తిమీదికొచ్చి కూర్చున్న రోజున కూడా పొడి వాతావరణం అని రాసి పంపేవాళ్లు. చదవకపోతే ఉద్యోగం పోతుంది, చదివితే ఎవరి పంటో పోతుంది. అందుకని మైకాయన తనకు నమ్మకం కుదరని వాక్యం ముందు చిన్నగా దగ్గడం మొదలుపెట్టాడు. ఎవరికీ చెప్పి చేసింది కాదు, వినేవాళ్లే పట్టేశారు. దగ్గితే ఆ మాట గాలికి వదిలేయడం, దగ్గకపోతే పాటించడం. ఆ దగ్గు కూడా అన్నిసార్లూ నిజమయ్యేది కాదు. అయినా కాగితం కంటే నయమనుకునేవాళ్లు. ఆఫీసువాళ్లు మాత్రం పాపం ఆయనకు ఛాతీ బాగోదనుకునేవాళ్లు.

దగ్గును అందరికంటే గట్టిగా నమ్మినవాడు సొంత బావే. అక్కా బావా కౌలు పొలంలో ఉల్లి వేసేవాళ్లు. అప్పటికే రెండు పంటలు వరసగా చెడ్డాయి. "ఇదీ పోయిందంటే ఇక పొలం మొహం చూడం తమ్ముడూ," అని అక్క ముందే చెప్పేసింది. దేవుడి దయవల్ల ఈసారి గడ్డ బాగా ఊరింది. పీకే రోజున మైకాయన తన చదువుడు ముగించుకుని తిన్నగా పొలానికి వెళ్లి, పొద్దుగూకేదాకా వంగి ఉల్లి పీకాడు.

"ఏరా బామ్మర్దీ, మైకు పట్టుకునే చేతికి ఉల్లికాడ బరువైందా?" అన్నాడు బావ.

"నువ్వు పీకేది ఒకటి, వాగేది పది. నోటికి జీతం ఇస్తారా ఎవరైనా?"

"నీకిస్తున్నారుగా!"

అక్క నవ్వి నవ్వి గట్టుమీద కూలబడింది. చాలాకాలానికి నవ్వింది.

పీకిన గడ్డల్ని వరసలుగా పరిచి, ఒక వరస కాడలు పక్క వరస గడ్డలమీద పడేలా కప్పారు. అలా కొన్నాళ్లు ఆరితేనే గడ్డ నిలవుంటుంది. ఈలోపు తడిసిందా, లోపల్నుంచి కుళ్లిపోతుంది. ఆ పొడి మట్టీ పొట్టు దుమ్మూ మైకాయన గొంతులోకి దిగింది. ఇంటికెళ్లి నీళ్లు పుక్కిలించి పడుకున్నాడు.

మర్నాడు కాగితంతోపాటు ఆఫీసు నుంచి ఫోను కూడా వచ్చింది. పక్క ఊళ్లలో అప్పటికే గాలివాన. ఆరబెట్టిన పంటను వెంటనే ఎత్తాలి, లేదా పట్టలు కప్పాలి. కిటికీలోంచి చూస్తే ఆకాశం తేటగా ఉంది. అయినా ఆయన నమ్మాడు. అక్క ఉల్లి కళ్లముందు మెదిలింది. ఎప్పుడూ చదవనంత గట్టిగా చదివాడు. ఆ తొందరలో గొంతు గీరుతున్నా ఆయన పట్టించుకోలేదు.

మిగతా పనులు చూసుకుని టీకొట్టుకు దిగేసరికి బావ కాలుమీద కాలేసుకుని కూర్చుని ఉన్నాడు.

"బావా, ఇక్కడున్నావేంటి? పట్టలు కప్పేశారా?"

"పట్టలెక్కడివి? లారీవాడు అడిగితే ఇచ్చి పంపేశా."

"నేను చదివింది వినలేదా?"

"వినకపోవడమేంటి? ముందు దగ్గింది కూడా విన్నా. ఒకటా రెండా, ఊపిరాడనట్టు దగ్గావు! ఈసారి ఆఫీసువాళ్లు మరీ కోతలు కోశారని అందరం నవ్వుకున్నాం."

"అది నిజం దగ్గు బావా! నిన్నటి మీ ఉల్లి దుమ్ము!"

బావ చేతిలో గ్లాసు పెదవుల దగ్గరే ఆగిపోయింది.

మైకాయన మెట్లెక్కి గదిలోకి పరుగెత్తాడు. అప్పటికే గాలి లేచింది, కరెంటు పోయింది. మైకు మూగబోయింది. కిటికీలోంచి తల బయటికి పెట్టి ఉత్త గొంతుతో అరిచాడు. "వానొస్తోంది! పంట ఎత్తండి!" కింద బస్తాలు దించే గోలలో సగం మాటలు కలిసిపోయాయి. అరిచిన కొద్దీ గొంతు మండి దగ్గు తెరలు తెరలుగా వచ్చింది.

"ఏమంటున్నాడు?" అని ఎవరో అడిగారు.

"మళ్లీ దగ్గుతున్నాడు. ఏం ఫర్వాలేదులే," అన్నాడు పక్కవాడు.

బావా బామ్మర్దులు పొలం చేరేసరికి చినుకులు లావయ్యాయి. అక్క ఒక్కతే ఇంట్లో దుప్పట్లూ చీరలూ తెచ్చి వరసలమీద పరుస్తోంది. గాలి వాటిని లేపేస్తోంది. ముగ్గురూ కాసేపు అటూ ఇటూ పరుగెత్తారు. సాళ్లలో నీళ్లు నిండి గడ్డలు కదలడం మొదలయ్యాక అక్క ఆగిపోయింది.

"చీరలు తీసేయండిరా. అవైనా మిగుల్తాయి."

ఉల్లి కుళ్లు వాసన చాన్నాళ్లు పోలేదు. బావ ఆయన్ను ఒక్క మాట అనలేదు. "నువ్వు సరిగ్గానే చదివావు, మేమూ సరిగ్గానే విన్నాం. ఇంకెవర్ని తిట్టమంటావురా?" అన్నాడంతే.

పొలం వేరేవాళ్ల చేతికి పోయింది. అక్క ఇప్పుడు యార్డు షెడ్డులో ఊరందరి ఉల్లిలోంచి కుళ్లినవి ఏరుతుంది. బావ బస్తాలు మోస్తాడు. మైకాయన దగ్గడం మానేశాడు. ఇప్పుడు కాగితాన్నీ ఎవరూ నమ్మరు, ఆయన్నీ నమ్మరు.

మొన్న ఉల్లి నారు పోసుకునే కాలం వచ్చింది. విత్తనం ఎంత లోతులో పడాలో చదువుతూ కిటికీలోంచి చూశాడు. సరిగ్గా లౌడ్‌స్పీకరు కింద బావ వీపుమీద బస్తాతో నడుస్తున్నాడు. ఇంతలో గొంతులో కితకితలు మొదలయ్యాయి. గబుక్కున మైకు కట్టేసి, కళ్లు తుడుచుకుంటూ తనివితీరా దగ్గాడు. మంచినీళ్లు తాగి, మళ్లీ మైకు వేసి, వాక్యం సగంలోంచి ఎత్తుకున్నాడు.

మధ్యలో ఆ గొంతు ఆగిపోయిందని కింద ఎవరూ తలెత్తి చూడలేదు. బావ కూడా.