ఉప్పునీటి మీద దేవదానం గారి ప్రసంగం

అది 1998. నేను బందరులో, చేలల్లో నిలిచిన నీటిని సముద్రంలోకి దించే మురుగుకాలవల శాఖలో అసిస్టెంటు ఇంజనీరుని. ఊళ్ళో ఇంజనీర్ల సంఘానికి కార్యదర్శిని కూడా. ఆ పదవి నాకు పోటీలో రాలేదు, మిగతావాళ్ళంతా వద్దనగా మిగిలింది. నెలకో ప్రసంగం పెట్టించాలి. వక్తని ఒప్పించాలి, మేడమీది హాల్లో కుర్చీలు వేయించాలి, పకోడీలు మరీ చల్లారిపోక ముందే సభ ముగించాలి. మూడు నెలలకోసారి ‘రాబోయే కార్యక్రమాలు’ అని ఒక కార్డు అచ్చు వేయించి, బందరు, గుడివాడ, అవనిగడ్డల్లో ఉన్న సభ్యులకి పోస్టులో పంపేవాళ్ళం.

ఆ వేసవి కార్డులో మూడు ప్రసంగాలున్నాయి. ఇళ్ళకి ఎర్తింగ్ ఎలా చెయ్యాలన్నది మొదటిది. సముద్రపు గాలికి కాంక్రీటులో ఇనుము తుప్పు పట్టకుండా కాపాడుకోవడం రెండోది. మూడోది దేవదానం గారిది, ఆయన కొన్ని నెలల ముందే ఒప్పుకున్నది: ‘దివిసీమ డ్రెయిన్లలోకి ఉప్పునీరు ఎలా వస్తుంది?’

దేవదానం గారు మా శాఖలోనే ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా రిటైరై గుడివాడలో స్థిరపడ్డారు. నా మొదటి ఉద్యోగం అవనిగడ్డలో, ఆయన దగ్గరే. మనిషి నెమ్మది, గొంతు మాత్రం చాలా పెద్దది. ఈ గట్టు మీంచి పిలిస్తే ఆ గట్టు మీద కొంగలు లేచేవి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకరోజు నన్ను డ్రెయిను సముద్రంలో కలిసే చోటికి తీసుకెళ్ళి గట్టు మీద కూర్చోబెట్టారు. గుర్రపుడెక్క ముక్కలు సముద్రం వైపు మెల్లగా కొట్టుకుపోతున్నాయి. కాసేపటికి వాటి నడక తగ్గింది. ఇంకాసేపటికి ఉన్నచోటే నిలబడిపోయాయి. నీళ్ళ మీద గాలి లేదు, మడచెట్ల ఆకు కదలడం లేదు. లోకమంతా ఒక్క క్షణం ఎటు వెళ్ళాలో తేల్చుకోలేక ఆగినట్టుంది.

“అదుగో, ఆలోచిస్తోంది చూడమ్మా,” అన్నారాయన గొంతు తగ్గించి.

ఆ తర్వాత గుర్రపుడెక్క ఊరి వైపు తిరిగి రావడం మొదలెట్టింది. పోటు వచ్చింది. ఆటుపోట్లని నేను పుస్తకంలో చదివాను కానీ, చూడడం అదే మొదటిసారి.

కార్డులు పోస్టులో వేశాక తెలిసింది, దేవదానం గారికి గొంతులో కాన్సరని. వెల్లూరులో ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారట. ప్రాణం దక్కింది, మాట పోయింది.

మా సంఘం అధ్యక్షుడు విశ్వనాథం గారు విద్యుత్ శాఖలో పనిచేసిన పెద్దమనిషి. ఆయన నన్ను పిలిచి, “గుడివాడ వెళ్ళి ఆయన్ని చూసిరా అమ్మా. ప్రసంగం వాయిదా వేశామని మర్యాదగా చెప్పు. ఆ రోజుకి ఒక సిమెంటు కంపెనీ వాళ్ళు వస్తామంటున్నారు,” అన్నారు.

నాకూ అదే సబబనిపించింది. పళ్ళు కొనుక్కుని బస్సెక్కాను.

దేవదానం గారు వరండాలో పడకకుర్చీలో ఉన్నారు. సగానికి సగమయ్యారు. మెడకి అడ్డంగా తెల్లటి పల్చని గుడ్డ కట్టుకున్నారు. దాని వెనక, మెడలో చేసిన రంధ్రంలోంచే ఊపిరి. ఒళ్ళో పిల్లల పలక ఒకటి ఉంది. ఆయన భార్య కరుణమ్మ గారు నాకు మజ్జిగ ఇచ్చి పక్కనే కూర్చున్నారు.

“సార్, మీరు ముందు కోలుకోండి. ప్రసంగానికి తొందరేముంది? తర్వాత పెట్టుకుందాం,” అన్నాను.

ఆయన పలక మీద రాసి నా వైపు తిప్పారు. ‘రద్దు చెయ్యొద్దు.’

కరుణమ్మ గారే అందుకున్నారు. “ఆయన చేతులతో చెబుతారు, నేను పలుకుతానమ్మా.”

“మీకు శ్రమండీ. అంతమంది ముందు...”

“జీవితమంతా ఎనిమిదో తరగతికి తెలుగు చెప్పినదాన్ని. మీ ఇంజనీర్లు వాళ్ళకన్నా అల్లరి చేస్తారా ఏంటి?”

“అందులో మా శాఖ మాటలు కూడా ఉంటాయి కదండీ.”

ఆవిడ నవ్వారు. “మేం కాపురం పెట్టింది నాగాయలంకలో. అన్నం తింటున్నంతసేపూ షట్టర్లు, తూములు తప్ప ఈయన నోట్లో ఇంకో మాట ఉండేది కాదు. నాకు రాక ఇంకెవరికొస్తాయమ్మా?”

దేవదానం గారు భుజాలు కదిలేలా నవ్వారు. చప్పుడు లేని నవ్వు. నేను వాయిదా మాట మళ్ళీ ఎత్తలేదు. బందరు తిరిగొచ్చి విశ్వనాథం గారికి చెబితే ఆయన చాలాసేపు కళ్ళజోడు తుడుచుకుని, “సభలో ఆయన చిన్నబోతే మాత్రం నేను చూడలేనమ్మా,” అన్నారు. ఆ భయం నాకూ ఉంది.

దేవదానం గారి పట్టుదలకి ఒక కారణం ఉంది. దివిసీమలో ఒక డ్రెయిను సముద్రంలో కలిసే ముందు పెద్ద వంపు తిరుగుతుంది. వానాకాలంలో ఆ వంపు దగ్గర నీరు త్వరగా వెళ్ళక వెనక చేలు మునుగుతున్నాయి. వంపుని వదిలేసి తిన్నగా సముద్రంలోకి కాలవ తవ్వుదామని మా శాఖలో ప్రతిపాదన తయారైంది. దాన్ని స్ట్రెయిట్ కట్ అంటాం. డిజైను చేసింది రవికుమార్ గారని మా డిప్యూటీ ఇంజనీరు. పనిమంతుడు, ముంపు చూసి నిజంగా బాధపడి చేసిన డిజైను అది. ఆమోదం ఇవాళో రేపో అన్నట్టుంది. ఆ వంపు గురించి దేవదానం గారు ఏదో చెప్పాలనుకుంటున్నారని నాకు అర్థమైంది. అదేమిటో మాత్రం పలక మీద పట్టేది కాదు.

సభ రోజు సాయంత్రం హాలు నిండిపోయింది. మామూలుగా ముందు రెండు వరసలు నిండితే గొప్ప. ఆ రోజు గోడవారగా కూడా నిలబడ్డారు. దివిసీమ నుంచి కొందరు రైతులు కూడా వచ్చారు. రవికుమార్ గారు ముందు వరసలో కూర్చున్నారు. దేవదానం గారు ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాలో, మెడ గుడ్డ కూడా అంతే తెల్లగా, భార్య చెయ్యి పట్టుకుని మెట్లెక్కి వచ్చారు.

ఆయన దగ్గర తాను ఎప్పుడో తీసుకున్న స్లైడ్లున్నాయి. గోడకి కట్టిన దుప్పటి మీద కాలవలు, గట్లు, తుప్పు పట్టిన షట్టర్లు ఒక్కొక్కటే వచ్చి వెళ్తున్నాయి. కరుణమ్మ గారు ఊళ్ళ పేర్లు చెబుతున్నారు. వంపు ఫోటో వచ్చింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

ఆ రోజుల్లో అది వింత కాదు. ఎమర్జెన్సీ లైటు తెచ్చి బల్ల మీద పెట్టాం. ఫ్యాన్లు ఆగిపోయాక కిటికీల్లోంచి సముద్రపు గాలి లోపలికి రావడం తెలిసింది. ‘ఇంతటితో ఆపేద్దామా’ అన్నట్టు విశ్వనాథం గారు నా వైపు చూశారు. ఈలోగా దేవదానం గారు లేచి లైటు ముందు నిలబడి రెండు చేతులూ ఎత్తారు.

ఎడమ చెయ్యి నేల. కుడిచేతి వేళ్ళు సముద్రం. ఆ వేళ్ళు అలల్లా కదులుతూ ముందుకొచ్చాయి, నేల అంచుని తాకాయి, మెల్లగా లోపలికి పాకాయి. వెనక దుప్పటి మీద ఆ చేతుల నీడ ఇంకా పెద్దదై కదిలింది.

“పోటు మొదలైంది,” అన్నారు కరుణమ్మ గారు. తరగతి గదిలో పాఠం చెప్పే గొంతు అది, తొందర లేదు. “నీరు లోపలికి వస్తోంది. పైన మంచినీరు ఉంది. ఉప్పునీరు బరువు కాబట్టి దాని అడుగున దూరుతోంది.”

కుడిచెయ్యి ఎడమ అరచేతి కిందికి నాలుకలా చాచుకుంటూ వెళ్ళింది. దాన్ని మేం సాల్ట్ వెడ్జ్ అంటాం. పైన తాగి చూస్తే నీరు తియ్యగానే ఉంటుంది, ఉప్పు అడుగున నడుస్తూ ఉంటుంది.

“ఇక్కడ వంపు. వంపులో నీరు గట్టుకి కొట్టుకుని నెమ్మదిస్తుంది. ముందుకి వెళ్ళేలోగా పోటు అయిపోతుంది.” చేతులు ఆగాయి. నీడ ఆగింది. “ఇప్పుడు ఆటు. వచ్చిన ఉప్పు వచ్చినదారినే వెళ్ళిపోతుంది.” వేళ్ళు మెల్లగా వెనక్కి జారాయి.

నేను ఎక్కడున్నానో మర్చిపోయాను. ఆ మేడ, ఆ కుర్చీలు, కిందనుంచి వినిపించే రిక్షా గంటలు అన్నీ దూరమైపోయి, చుట్టూ నీరు వస్తూ పోతూ ఉన్నట్టుంది. రైతుల్లో ఒక పెద్దాయన తనకి తెలియకుండానే రెండు పాదాలూ కుర్చీ మీదకి తీసుకున్నాడు.

ఇంతలో కరుణమ్మ గారు, “ఆ వంపు దగ్గర నేనోసారి బిందె ముంచానండీ. పైపైన ముంచితే తియ్యటి నీళ్ళు. ఇంకాస్త నిండుతాయని లోపలికి తోస్తే ఆ పూట అన్నమంతా ఉప్పే,” అన్నారు.

దేవదానం గారు బల్ల మీద కొట్టారు. తను చెప్పని మాట అది. హాలంతా నవ్వింది. ఆయన కోపంగా చూడబోయి, చూడలేక, ‘సరే, అదీ నిజమే’ అన్నట్టు చెయ్యి ఊపారు.

అప్పుడు రవికుమార్ గారు లేచారు. “సార్, వంపు ఉంచితే వానాకాలంలో చేలు మునుగుతున్నాయి. అది మీరూ చూశారు. తిన్నగా కోసేస్తే ఏమవుతుందంటారు?”

“అవునండీ,” అన్నాడు ఇందాకటి పెద్దాయన. “నాట్లేసిన చేను నెల్నాళ్ళు నీళ్ళలో ఉంటే ఏం మిగులుద్దండీ మాకు?”

కరుణమ్మ గారు భర్త చేతుల వైపు చూశారు. చేతులు కదల్లేదు. ఆవిడ తనే ఏదో చెప్పబోతుంటే ఆయన వద్దని వారించారు. పెదవులు మూసి, గాలి మింగి, ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నారు. తర్వాత ఎక్కడో లోతుల్లోంచి, బావి అడుగునుంచి బుడగ తేలివచ్చినట్టు, ఒక మాట వచ్చింది.

“ఉప్పు.”

బరువుగా, గరగరలాడుతూ, కానీ స్పష్టంగా వచ్చింది. స్వరపేటిక లేనివాళ్ళు గాలిని అన్నవాహికలోకి మింగి, దాన్ని తేన్పులా పైకి తెస్తూ మాట పలకడం నేర్చుకోవచ్చని తర్వాత డాక్టరు చెప్పగా తెలుసుకున్నాను. చాలా కష్టమైన సాధన అట. ఆయన రోజూ ఇంటి మేడమీద ఒంటరిగా చేస్తున్నారట. కరుణమ్మ గారికి ఆ సంగతి తెలియదు. ఆవిడ ముఖం ఆ వెలుతుర్లో నాకు బాగా కనిపించింది. పాఠం మధ్యలో మర్చిపోయిన పిల్లలా నోరు తెరుచుకుని ఉండిపోయారు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆ మాట అందరికీ అర్థమైపోయింది. వంపు లేకపోతే ఉప్పునీరు ఆగేచోటు లేదు, తిన్నగా చేలకే వస్తుంది.

దేవదానం గారు మళ్ళీ చేతులెత్తారు. రెండు అరచేతుల్నీ నిలువుగా పక్కపక్కన పెట్టి మూశారు, తెరిచారు, మళ్ళీ మూశారు.

“తలుపు...” అని కరుణమ్మ గారు గొంతు సవరించుకున్నారు. “కోసుకోండి, కానీ సముద్రంలో కలిసేచోట తలుపులు పెట్టుకోండి అంటున్నారు. వాననీరు వెళ్ళేటప్పుడు తెరవండి. పోటు వచ్చేటప్పుడు వెయ్యండి.”

రవికుమార్ గారు కూర్చోలేదు. “సార్, ఒకసారి మీతో కలిసి అక్కడికి వెళ్దామండి,” అన్నారు.

ఒక ఆదివారం సభ్యులం కొందరం వ్యాను మాట్లాడుకుని పాలకాయతిప్ప వెళ్ళాం. పొద్దున్నే కృష్ణ సముద్రంలో కలిసే చోట రెండు రంగుల నీళ్ళు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ, కలవాలా వద్దా అన్నట్టు కదులుతున్నాయి. దూరంగా పడవలు గాల్లో వేలాడుతున్నట్టున్నాయి. అక్కడినుంచి డ్రెయిను దగ్గరికి వెళ్ళి పోటు కోసం కూర్చున్నాం. రవికుమార్ గారు వంపుకి ఇటూ అటూ అడుగునీరు సీసాల్లో పట్టారు. మేం రుచి చూసి, ఉప్పగా ఉన్న సీసా రవికుమార్ గారికిచ్చి, ఆయన మొహం చూసి నవ్వుకున్నాం. దేవదానం గారు ఇసుకలో కర్రతో గీస్తుంటే రవికుమార్ గారు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చెరిపి మళ్ళీ గీస్తున్నారు. ఇద్దరూ ప్రపంచాన్ని మర్చిపోయారు.

పని ఏడాది ఆలస్యమైంది కానీ, తిన్నగా తవ్విన ఆ కాలవకి ఆయన చెప్పిన తలుపులు, అంటే షట్టర్లు, పెట్టాకే నీరు వదిలారు. నేను ఆ ప్రాంతంలో ఉన్నన్నాళ్ళూ వెనక చేలల్లో నీరు నిలవలేదు, చౌడూ తేలలేదు.

ఆ ఆదివారం గట్టు మీద కరుణమ్మ గారు నా పక్కన కూర్చుని చెప్పిన సంగతే నాకు ఎక్కువ గుర్తు.

“వెల్లూరు నుంచి వచ్చాక గోడవైపు తిరిగి పడుకునేవారమ్మా. ఎవరొచ్చినా లేచేవారు కాదు. ఓరోజు పోస్టులో మీ కార్డొచ్చింది. చూసి లేచి కూర్చుని, ‘నాకు గొంతు లేదని వీళ్ళకి తెలీదా?’ అని పలక మీద రాశారు. తెలీదేమోనండీ అన్నాను. చాలాసేపు ఆ కార్డే చూస్తూ కూర్చున్నారు. మర్నాడు గడ్డం గీసుకున్నారు.”

“ఆ రోజు ‘ఉప్పు’ తర్వాత ఇంకేమైనా మాట్లాడారాండీ?” అనడిగాను.

“గుడివాడ వెళ్తుంటే కార్లో ఇంకో మాటన్నారు,” అని ఆవిడ నీళ్ళ వైపు చూస్తూ నవ్వారు. “అది మీ మీటింగుకి సంబంధించింది కాదులే అమ్మా.”

ఆ తర్వాత చాలా ఏళ్ళు నేనే కార్యదర్శిగా ఉన్నాను. ప్రసంగాలు వినేవాళ్ళ కోసం పెడతామనే అంతవరకూ అనుకునేదాన్ని. చెప్పేవాళ్ళకి కూడా అవి అవసరమని ఆ వేసవిలో తెలిసింది. సభ్యుల్లో ఎవరైనా జబ్బుపడ్డారని తెలిస్తే ఇప్పుడు పళ్ళతోపాటు ఒక తేదీ కూడా పట్టుకెళ్తాను. “ఫలానా రోజు మీరు మాట్లాడాలండీ,” అంటాను. కొందరు నవ్వి వద్దంటారు. కొందరు మాత్రం మంచం మీంచే మెల్లగా కాలెండరు వైపు తల తిప్పుతారు.