పోపు లేని వారం రోజులు

పటాన్‌చెరు బస్సులో కళ్లు మూసుకుని కూర్చున్నా ఏ స్టాపు వచ్చిందో ముక్కే చెప్పే రోజులవి. ఒకచోట రంగుల వాసన, ఇంకోచోట కాలిన రబ్బరు వాసన, మా స్టాపు దగ్గరికి వచ్చేసరికి కుళ్లిన కోడిగుడ్డు మీద ఆసుపత్రి మందు చల్లినట్టుండే మా మందుల కంపెనీ వాసన. ఆ కంపెనీలో నేను ఆపరేటర్ని. ఇరవై ఆరేళ్ల వయసు, నీలం రంగు డ్యూటీ చొక్కా, జేబులో రెండు పెన్నులు (ఒకటి రాయదు), లోకంలో ఏ వాల్వు ఎటు తిప్పాలో నాకే తెలుసన్న ధీమా. ఆ వాసన నాకు ఎప్పుడో అలవాటైపోయింది. మా అమ్మకే కాలేదు. మా ఊరు లక్డారం నుంచి వచ్చినప్పుడల్లా నా చొక్కాను రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుపోయి గోడ అవతల ఆరేసేది.

మా బుడ్డోడికి ఇంకా రెండేళ్లు నిండలేదు. గజ్జ దగ్గర పేగు ఉబ్బుతోందని సంగారెడ్డిలో ఆపరేషన్ చేయించాం. ఇంటికి పంపే రోజు కట్టు మారుస్తూ నర్సమ్మ, ఎవరైనా పిల్లాణ్ని గట్టిగా పట్టుకోవాలంది. నా భార్య తల తిప్పుకుంది. నేను ముందుకు దూకాను. వాల్వులు తిప్పే చేతులు కదా, వాడి కాళ్లూ చేతులూ కదలకుండా ఒడిసి పట్టాను. నర్సమ్మ మెచ్చుకుంది కూడా. (ఆ మెప్పుకు నేను పొంగిపోయాను, దేవుడు క్షమించాలి.) వాడు మాత్రం గుక్కపట్టి ఏడుస్తూ నర్సమ్మను చూడలేదు, కత్తెరను చూడలేదు. నా మొహమే చూశాడు. ఏడిస్తే కుట్ల మీద ఒత్తిడి పడుతుందని, అవి విప్పేదాకా వారం రోజులు పిల్లాణ్ని ఏడవనివ్వొద్దని డాక్టరు చెప్పి పంపించాడు.

డాక్టరు ఒక్క నియమం పెడితే, సాయానికి వచ్చిన మా అమ్మ రెండోది పెట్టింది. గుమ్మానికి వేపకొమ్మ కట్టి, "పుండుకు వాసన తగలొద్దు బిడ్డా, తగిలితే సీము పడ్తది. ఇగ ఈ వారం ఇంట్ల పోపు గీపు ఏం లేదు" అని తీర్మానించింది. చప్పటి పప్పు, చప్పటి చారు. అంతటితో ఆగలేదు. పక్కవాటాలో ఉండే ఇంటి ఓనరు గారి దగ్గరికీ వెళ్లింది. ఆయన కోస్తా నుంచి సర్కారు ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ పెద్దమనిషి. "మేం కూడా పోపు మానేయాలంటారా అమ్మా?" అని ఆయన కాసేపు బిత్తరపోయి, "సరే లెండి, మీ మనవడి కోసం వారం రోజులు ఆవకాయతో సర్దుకుంటాం" అన్నాడు.

మర్నాడు సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి గుమ్మంలో అడుగుపెట్టాను. అమ్మ ఒళ్లో ఆడుకుంటున్న వాడు నన్ను చూశాడు. ఒళ్లంతా బిగుసుకుపోయి కెవ్వుమన్నాడు. "ఆగు, ఆడ్నే ఆగు! కంపెనీ వాసన కొట్టింది పిలగానికి. బయటికి నడు!" అని అమ్మ అరిచింది. వాడు ఏడ్చింది వాసనకు కాదని నాకు ఆ క్షణమే తెలిసిపోయింది. కానీ వాసన అనే మాట ఎంత హాయిగా వినిపించిందో చెప్పలేను. వెంటనే వెనక్కి తిరిగాను.

అలా నా సంసారం ఓనరు గారి వరండాలోకి మారింది. కుళాయి దగ్గర రెండుసార్లు సబ్బు రుద్దుకునేవాణ్ని, గోడ మీదుగా అందించిన కంచంలో తినేవాణ్ని. ఓనరు గారు కుర్చీలో కూర్చుని, "ఏవయ్యా, పెళ్లాం పిల్లలుండగానే సన్యాసం పుచ్చుకున్నావా?" అని రోజూ అడిగేవాడు.

మూడో రోజు అమ్మ వచ్చి నా జుట్టు, చెవుల వెనక, చొక్కా కాలరు అన్నీ వాసన చూసి, "ఇగ ఏం లేదు, లోపటికి రా" అంది. వెనకే నా భార్య. కళ్ల కింద నల్లగా ఉంది. "రోజంతా వాడు నా సంకల్నే ఉంటుండు. నడుం ఇరిగిపోతుంది. జెరసేపు వచ్చి కూసో. నేను పక్కనే ఉంటగద, ఏడ్వనియ్య" అంది.

అప్పుడు నేనన్న మాట ఇవాళ తలుచుకున్నా సిగ్గేస్తుంది. "వాసన ఇంకా వస్తుందే. మీకు అలవాటై తెలుస్తలేదు. కుట్లు ఊడితే ఎవరిది పూచీ?" అన్నాను. నా భార్య నావైపు ఒకసారి చూసి లోపలికి వెళ్లిపోయింది. నా భయం కుట్ల గురించి కాదు. వాడు మళ్లీ నన్ను అలా చూస్తాడేమోనని. ఇంట్లో పరిస్థితి బాగాలేదని చెప్పి సెలవు అడిగేవాళ్లను చాలామందిని చూశాడు గానీ, అదే కారణం చెప్పి డబుల్ డ్యూటీ అడిగినవాణ్ని మా షిఫ్టు ఇన్‌చార్జి మొదటిసారి చూశాడు. (క్యాంటీన్ సాంబారులో పోపు బ్రహ్మాండంగా ఉండేది. రెండుసార్లు వేయించుకునేవాణ్ని.)

కుట్లు విప్పించడానికి వాడిని అమ్మా, నా భార్యా ఇద్దరే బస్సులో తీసుకెళ్లారు. నేను డ్యూటీలో ఉన్నాను. కట్టు మార్చేటప్పుడు తల తిప్పుకున్న మనిషే ఈసారి వాణ్ని పట్టుకుంది.

ఆ సాయంత్రం తలంటుకుని, ఉతికిన చొక్కా వేసుకుని ఇంట్లోకి వెళ్లాను. పొయ్యి మీద ఆవాలు చిటపటమంటున్నాయి. వాడికి ఎదురుగా నేల మీద కూర్చున్నాను. వాడు చూశాడు. ఏడవలేదు. మెల్లగా తప్పటడుగులు వేసుకుంటూ మూలకు వెళ్లి, నా టిఫిన్ సంచిని రెండు చేతులతో ఈడ్చుకొచ్చి నా ముందు పెట్టాడు. "బాపు, డూటీ" అన్నాడు. చెయ్యి ఊపి, "టాటా" అన్నాడు.

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. అందరికంటే గట్టిగా నేను నవ్వాను. నా భార్య మాత్రం నవ్వలేదు. గరిటె తిప్పుతూనే, "నువ్వు సందుల నుంచి పోతున్నప్పుడల్లా కిటికీల నిలబెట్టి చెప్పిన, బాపు డూటీకి పోతుండు, టాటా చెప్పు అని. నాలుగు రోజుల సంది చెయ్యి ఊపుతనే ఉండు. నువ్వే తిరిగి సూడలే" అంది.

ఆ కుట్ల గుర్తు ఇప్పుడు వెతికినా దొరకదు. వాడికీ ఏమీ గుర్తులేదు. అమీన్‌పూర్‌లో కాపురం పెట్టి, హైదరాబాద్ ఆఫీసుకు కారులో వెళ్తాడు. టిఫిన్ సంచి కథ చెబితే, "నేనే నిన్ను ఎల్లగొట్టిన్నా బాపూ?" అని పడీపడీ నవ్వుతాడు. కిటికీ సంగతి మాత్రం వాడికి ఇంతవరకు చెప్పలేదు. పోతిరెడ్డిపల్లిలో మాకిప్పుడు సొంతిల్లు. నేనింకా డ్యూటీకి వెళ్తూనే ఉన్నాను. సందు మలుపు తిరిగేముందు రోజూ ఆగి, ఇంటి కిటికీ వైపు ఒకసారి చూస్తాను. ఒక్కోరోజు పరదా సర్దుతూ నా భార్య కనబడి, "ఏం మర్చిపోయినవ్?" అని అక్కణ్నుంచే కేకేస్తుంది. ఏం లేదన్నట్టు నవ్వి, చెయ్యి ఊపి వెళ్లిపోతాను.