పచ్చబడిన జర్మనీ పిల్ల

నేను నాలుగో తరగతిలో బడి మానేసినదాన్ని. కలం పట్టే అలవాటు లేదు. తప్పులుంటే సర్దుకొని చదవండి. మా ఇంట్లో ఉన్న జర్మనీ పిల్ల సంగతి మా వాడకట్టులో ఒక్కొక్కరు ఒక్కో తీరుగా చెప్పుకుంటున్నారు. ఆమెను దగ్గరుండి చూసింది నేను కాబట్టి నేనే రాస్తున్నాను.

ఆర్మూరులో మా ఇల్లు చర్చి వెనకాల. మా ఆయన మస్కట్‌లో పని చేస్తాడు, ఒక గది ఖాళీగా ఉంటుంది. ఒక ఆదివారం చర్చి అయ్యగారు నన్ను పక్కకు పిలిచి, జర్మనీ నుంచి ఒక పిల్ల సేవ చేయడానికి వస్తోందని, పిల్లలకు పాటలు నేర్పుతుందని, ముసలివాళ్లకు సాయం చేస్తుందని, ఒక ఏడాది మీ ఇంట్లో ఉంచుకుంటారా అని అడిగాడు. సరే అన్నాను. అన్న తర్వాత భయం పట్టుకుంది. ఆమెకు ఏం వండాలి, ఏం మాట్లాడాలి?

వచ్చిన పిల్ల నాకంటే ఎక్కువ భయపడుతోంది. మొదటి వారం ఎదురొచ్చిన ప్రతివాళ్లకూ నమస్తే పెట్టింది. మా వీధిలో బర్రెకు కూడా పెట్టింది. బకెట్ పక్కన మగ్గు ఉంటే అది నీళ్లు తాగడానికనుకుంది. చీర కట్టుకుంటానని పట్టుబట్టి, కట్టుకొని, చర్చి మెట్ల మీద కుచ్చిళ్లు తొక్కి అయ్యగారి మీదే పడింది. కానీ దేనికీ సిగ్గుపడేది కాదు. తెలుగు కొంచెం నేర్చుకొనే వచ్చింది, మిగతాది మా పక్కింటి అవ్వ దగ్గర నేర్చుకుంది. అవ్వకు నోటినిండా ఆకు, ఒళ్లో సున్నం డబ్బా ఎప్పుడూ ఉంటాయి. ఆ పిల్ల మడమలు పగిలాయని అవ్వే రోజూ సాయంత్రం పసుపు ముద్ద పట్టించేది.

పసుపు సీజన్ మొదలైంది. నేను కూలికి పోతుంటే నేనూ వస్తానంది. వద్దన్నాను. "నేను చుట్టం కాదు అక్కా, పనికి వచ్చిన" అంది. ఎండిన పసుపును డ్రమ్ములో వేసి తిప్పి నునుపు చేసే చోట మా పని. పొడి పొగలాగా లేస్తుంది. మేమంతా మూతికి, మెడకు గుడ్డలు చుట్టుకుంటాం. ఆమె ఉక్కపోస్తోందని తీసి పక్కన పెట్టేది. చెమట మీద పొడి పడితే ఏమవుతుందో చెప్పాలని నాకూ తోచలేదు. మా చేతులు ఏటా పచ్చబడతాయి, నల్లటి చేతుల మీద అది ఎవరూ చూడరు.

ఆమె చేతులు నిమ్మకాయ రంగుకొచ్చాయి. మెడ, చెవులు, గోళ్లు, మడమలు, అన్నీ. రోజూ చూస్తున్న కళ్లు కదా, మాకు వింతగా అనిపించలేదు. పైగా రెండు మూడు రోజుల నుంచి అన్నం సరిగా తినడం లేదు, వాడిపోయి ఉంది. ఎండ దెబ్బ అనుకున్నాను.

సరిగ్గా అప్పుడే, ఒక ఆదివారం, ఇలాంటి విదేశీ పిల్లల మంచిచెడ్డలు చూసే మేడమ్ హైదరాబాద్ నుంచి కారులో వచ్చింది. ప్రార్థన అయిపోయాక తెల్ల గౌనులో ఈ పిల్లను చూసి ఆమె మొహం మాడిపోయింది. తింటున్నావా అని అడిగింది. ఆ పిల్లకు అబద్ధం చెప్పడం రాదు, లేదంది. ఇంకేముంది, కామెర్లు అని తేల్చేసింది. ఇవాళే హైదరాబాద్ ఆస్పత్రికి తీసుకుపోతాను, అక్కడి నుంచి సీదా వాళ్ల దేశానికి పంపిస్తాను, ఇలాంటి విషయంలో ఆలస్యం చేయకూడదు అంది.

ఇది పసుపు, పసుపు అని ఆ పిల్ల నెత్తీనోరూ కొట్టుకుంది. మేడమ్ నా వైపు చూసింది. తినకపోవడం గుర్తొచ్చి నాకూ అనుమానమొచ్చింది. గట్టిగా చెప్పలేకపోయాను. ఆదివారం కాబట్టి రక్త పరీక్ష చేసేవాళ్లు లేరని, రేపటిదాకా ఆగమని అయ్యగారు బతిమాలాడు. మేడమ్ వినలేదు. పెట్టె కారెక్కింది. ఆ పిల్లను వెనక సీటులో కూర్చోబెట్టారు. తెల్లటి సీటు కవర్లు, కొత్త కారు. ఆమె నా కొంగు వదలడం లేదు.

"అక్కా, నేను పోతే మళ్లీ పంపరు" అంది.

అప్పుడు అవ్వ గిన్నె పట్టుకొని వచ్చింది. కామెర్లొస్తే, మేం పసిరికలంటాం, సున్నపు నీళ్లతో చేతులు రుద్దడం మా దగ్గర అలవాటు. పచ్చదనం నీళ్లలోకి దిగిపోతుందంటారు.

"దవాఖానకు తీస్కపో బిడ్డా, నేనొద్దంటలేను. జర పసిరికలు దించి పంపుత. చేతులు కడిగితే నీ కారేం అరుగది" అంది మేడమ్‌తో.

మేడమ్ గడియారం చూసుకొని, తొందరగా కానివ్వమంది. అవ్వ కారు తలుపు దగ్గర చతికిలపడి ఆ పిల్ల చేతులు గిన్నెలో ముంచి రుద్దింది. నీళ్లు పచ్చబడలేదు. ఎర్రగా అయిపోయాయి, కుంకుమ కలిపినట్టు.

అవ్వ గిన్నెలోకి చూసింది, ఆ పిల్ల మొహం చూసింది, మళ్లీ గిన్నెలోకి చూసింది.

"ఓసి నీ పాడుగాను. గిది రోగం కాదే, పసుపే" అంది.

పసుపులో సున్నం కలిస్తే ఎరుపని మా వాడకట్టులో చిన్న పిల్లలకు కూడా తెలుసు. కొత్త కోడలు గడప తొక్కినా, బాలింత ఇంటికొచ్చినా ఆ నీళ్లతోనే దిష్టి తీస్తాం. అంతా పసుపులోనే బతుకుతూ పసుపును గుర్తుపట్టలేకపోయాం. ముందు నవ్వింది మేడమే. తన పెళ్లప్పుడు అత్తగారు ఆ నీళ్లు తన కొత్త చెప్పుల మీద పోసిందట.

"మరి అన్నమెందుకు తింటలేవే?" అని అడిగాను.

ఆ పిల్ల తల దించుకుంది. "నీ కూరల కారం, అక్కా. చెప్తే నువ్వు బాధపడతవని..." అంది.

కారు చుట్టూ చేరిన వాడకట్టంతా నన్ను చూసి నవ్వింది. నేనూ నవ్వాను, ఏం చేస్తాను.

తెల్లారి పరీక్ష చేయించి కాగితం పంపితేనే ఉంచుతానని మేడమ్ షరతు పెట్టింది. పెట్టె కిందికి దిగింది. తయారైన నీళ్లు ఊరికే పారబోయడం ఎందుకని, అవ్వ ఆ పిల్లను మా గడప ముందర నిలబెట్టి గిన్నెను ఆమె చుట్టూ తిప్పింది. క్రైస్తవుల ఇంటి ముందు దిష్టి ఏమిటని అయ్యగారు అనాల్సింది. ఆయన ఫోను తీసి, రాని కాల్ మాట్లాడుకుంటూ చర్చి వైపు నడిచాడు. "కుడికాలు పెట్టి రా బిడ్డా" అంది అవ్వ. ఆ పిల్ల ఏది కుడో చూసుకొని మరీ లోపలికొచ్చింది.

పరీక్షలో ఏమీ లేదని వచ్చింది. ఆ రోజు నుంచి ఆమె కూర వేరే గిన్నెలో, అరమిరపకాయతో వండుతున్నాను. పనిలో మెడకు గుడ్డ తీయనివ్వడం లేదు.

తర్వాతి వారం మేడమ్ ఫోన్ చేసింది. ఆ పిల్ల కూర్చున్న సీటు కవరు పచ్చగా అయిందట. సబ్బు పెట్టి రుద్దితే ఎర్రగా అయి, డ్రైవర్ భయపడ్డాడట. అవ్వకు చెప్పాను. ఆకు నములుతూనే జవాబు చెప్పింది.

"ఎండల పెట్టుమను, పోతది. పిల్లను మాత్రం ఇయ్యమని అడగొద్దను."