నిచ్చెన మధ్యలో

మా వదినకు జీతమిచ్చేది గోడలకు గుద్దుకున్నందుకు. వెక్కిరింపు కాదు, నిజమే. వీడియో గేములు తయారుచేసే ఆఫీసులో తప్పులు పట్టే పని ఆమెది. తెరమీది బొమ్మను ప్రతి గోడకూ గుద్దించి, ప్రతి తలుపూ పదిసార్లు తెరిచి మూసి, ఎక్కడ బెడిసికొడుతుందో రాసిపెడుతుంది. ఇంట్లోనూ అంతే, గ్యాసు కట్టేశాక రెండుసార్లు తిప్పి చూస్తుంది. ఇంత అనుమానప్పక్షి మా అన్నయ్యను ఏం పరీక్షించి చేసుకుందో నాకిప్పటికీ అంతుచిక్కదు.

తర్వాత తెలిసిన సంగతి ముందే చెబుతాను. మూడేళ్లుగా చేస్తున్న గేమును అనుకున్నదానికన్నా రెండు నెలల ముందే విడుదల చేయాలన్నారు పైవాళ్లు. అప్పటికి ఒక పెద్ద తప్పు మిగిలే ఉంది. బొమ్మ నిచ్చెన మధ్యలో ఉండగా ఆటను సేవ్ చేస్తే, అంతవరకూ ఆడిందంతా తుడిచిపెట్టుకుపోతుంది. ఆ నిచ్చెన తయారుచేసినాయన రెండు వారాలు గడువడిగాడు. నిచ్చెన మధ్యలో ఎవరాగుతారని మేనేజరు కొట్టిపారేశాడు. వదిన నాలుగు రోజులు మొండికేసి, చివరికి అంతా బాగుందనే కాగితం మీద సంతకం పెట్టింది.

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మా నాన్న నలభై ఏళ్లు ఇళ్లకు రంగులు వేసిన మనిషి. కోడలు రోజంతా ఏం చేస్తుందో చూడాలని మహా కుతూహలం. విడుదలైన రోజే నాచేత గేము కొనిపించాడు. వదిన ఆఫీసుకెళ్లగానే మొదలుపెట్టేవాడు. మొత్తం పూర్తిచేసి ఒకేసారి చెప్పాలట. నా నోట్లో నువ్వుగింజ నానదు, అయినా ఆయన కోసం నోరు కట్టుకున్నాను. కట్టుకోకుండా ఉంటే బాగుండేది.

మొదటి వారం బొమ్మ నదిలో పడటంతోనే సరిపోయింది. మూడో వారానికి కోట చేరాడు. గోడకు నిచ్చెన. సగమెక్కి ఆగాడు. రంగులు వేసినన్నాళ్లూ అక్కడే ఆగి ఊపిరి తీసుకునేవాడు, చేతికి అదే అలవాటు. సేవ్ చేసి టీ తాగి వచ్చేసరికి కోట లేదు, నది లేదు, మూడు వారాలూ లేవు.

సాయంత్రం వదిన వచ్చేసరికి ఆ తెర ముందే కూర్చుని ఉన్నాడు.

"నేనే ఏదో తప్పు నొక్కానమ్మా. నీ ఆట పాడుచేశాను."

"మీరు కాదు మామయ్యా. తెలిసే సంతకం పెట్టాను" అంటూ వదిన ఏడ్చేసింది. వేలమందికి ఇలాగే అయిందట. ముక్కూమొహం తెలియనివాళ్ల తిట్లు భరించలేక నిచ్చెన చేసినాయన ఉద్యోగం మానేశాడట. అతనికి ఫోను చేయడానికి కూడా తనకు మొహం చెల్లలేదంది.

నాన్న కోప్పడలేదు. ఎందుకు పెట్టావని, తెలుసుకోవాలన్నట్టే అడిగాడు. అందరూ తొందరపడుతుంటే తనొక్కతే అడ్డం నిలబడలేకపోయానంది.

ఆయన ఒక ఇంటి సంగతి చెప్పాడు. ఇల్లు మారే తొందరలో, మొదటి పూత ఆరకముందే రెండోది వేయమన్నారట ఆ ఇంటివాళ్లు. వద్దని తెలిసీ వేశాడు. నెల తిరక్కుండానే గోడలన్నీ పెచ్చులూడాయి.

"మళ్లీ వేశావా నాన్నా?" అన్నాను.

"ఏ మొహం పెట్టుకుని వెళ్లను? ఇప్పటికీ ఆ వీధిలో నడవను."

మేము మార్కెట్టుకు చుట్టుదారిన ఎందుకు వెళతామో నాకప్పుడు తెలిసింది. వదిన కళ్లు తుడుచుకుని, ఫోను తీసి నిచ్చెన చేసినాయనకు చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది.