సిస్టర్ల బడిలో నాన్న పద్యం

మొన్న శుక్రవారం మనవరాలిని హైస్కూల్లో చేర్పించే పనిమీద మా అమ్మాయి సిడ్నీలో టూంగాబీ దగ్గరున్న కేథలిక్ బాలికల బడికి బయలుదేరుతూ, నువ్వూ రామ్మా అంటే వెళ్ళాను. నేను చాలా ఏళ్ళు లెక్కలు చెప్పిన బడి అది. గేటు దగ్గర మనవరాలు, "అమ్మమ్మా, డిడ్ యూ రియల్లీ టీచ్ హియర్?" అని నవ్వింది. నేను పాఠం చెప్పిందే కాదు, ఏడ్చిందీ అక్కడేనని ఆ పిల్లకేం చెప్పను? నా ఈడువాళ్ళైన మీకైతే చెప్పుకోవచ్చు.

మావారి ఉద్యోగం కోసం సిడ్నీ వచ్చిన కొత్తలో ఆ బడిలో నాకు పని దొరికింది. ప్రిన్సిపాల్ ఒక సిస్టర్. పొడగరి, గొంతు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. నా చీరనూ బొట్టునూ ఎవరూ ఏమీ అనలేదు గానీ, స్టాఫ్‌రూంలో పొద్దుటి ప్రార్థన టీచర్లు వంతులవారీగా చెప్పేవారు, నా వంతు వస్తే ఏం చెప్పాలిరా భగవంతుడా అని మాత్రం లోలోపల బెదురుగా ఉండేది.

అమ్మాయి కడుపులో ఉండి, నెలలు నిండుతున్న రోజుల్లో తెనాలి నుంచి ఫోనొచ్చింది, నాన్న పోయారని. "డాక్టరు వద్దన్నాక ఫ్లైట్ ఎట్టా ఎక్కుతావ్? నా మాట విను," అని మావారు బతిమాలారు. ఇంట్లో ఉంటే పిచ్చెక్కేలా ఉండి మర్నాడు బడికే వెళ్ళాను. నా ముఖం చూడగానే సిస్టర్ తన గదిలోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. సంగతంతా విని, ఇలాంటప్పుడు మీవాళ్ళు ఏం చేస్తారని అడిగింది. దీపం పెడతారు, తెలిసినవాళ్ళు వచ్చి పక్కన కూర్చుంటారు అన్నాను.

"అయితే మేమూ కూర్చుంటాం," అంది.

ఆ మధ్యాహ్నం బడి ప్రార్థనామందిరంలో కొవ్వొత్తి వెలిగించారు. ఖాళీ ఉన్న టీచర్లందరూ వచ్చారు, ఆటల మాస్టారితో సహా. మీ ఇంటి ప్రార్థన ఏదైనా చెప్పమంటే, నాన్న గడ్డం గీసుకుంటూ రోజూ పాడే పద్యం ఎత్తుకున్నాను. రెండో పాదంలో ఆగిపోయాను. "మళ్ళీ మొదలుపెట్టు, లవ్. మనకు ఆర్వో అంతా ఉంది," అంది సిస్టర్. మధ్యాహ్నాన్ని వాళ్ళు ఆర్వో అంటారు. ఒక్క ముక్క అర్థంకాని ఆ మనుషుల మధ్య పద్యం పూర్తిచేసి, నాన్న పోయాక మొదటిసారి కరువుతీరా ఏడ్చాను.

తర్వాత వారమంతా సాయంత్రాలు ఎవరో ఒకరు గిన్నెతో వచ్చేవారు. మేం మాంసం తినమని తెలిసి, పాపం, అందరూ గుమ్మడికాయ సూపే తెచ్చారు. "ఇన్ని గుమ్మడికాయలొచ్చాక ఇంక మనింటికి దిష్టెక్కడిది?" అన్నారు మావారు. ఆ దుఃఖంలోనూ నవ్వొచ్చింది.

ఆ సిస్టర్ ఇప్పుడు లేదు. సిస్టర్లుండే ఇంట్లో కంప్యూటర్ గదులు పెట్టారు. వరండాలో తెలుగు పిల్లలు గుంపులుగా కనబడితే సంతోషమే అనిపించింది. ఇవాళ మనలో ఎవరింట్లోనైనా కష్టమొస్తే క్షణంలో వందమంది ఫోన్లలో దండం బొమ్మలు పెడతారు, మనవాళ్ళ హోటళ్ళుండే గిరావీన్ నుంచి భోజనాలూ వస్తాయి. నేనూ బొమ్మ పెట్టి, వీలుచూసుకుని వెళ్ళొద్దాం అనుకుంటాను. అనుకుంటూ ఉండగానే పదోరోజు కూడా దాటిపోతుంది.