ఆఖరి చరణం పాడని మామ

మా మేనమామ పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నేను వరాఛాలో మా బ్యాంకు కౌంటర్ దగ్గర ఉన్నాను. చెప్పింది స్వయంగా మా అత్తే అయినా నమ్మలేదు. "ఎవరు చూసిండ్రు? డాక్టరే చెప్పిండా?" అని అడిగాను. "అచ్చం మీ మామ లెక్కనే అడుగుతున్నవ్ అల్లుడా," అని అత్త ఏడ్చింది. అప్పుడు నమ్మాను.

అనుమానం నాకు ఆయన దగ్గర అబ్బిన విద్యే. మాలా వలసొచ్చిన నేతగాళ్లుండే బమ్రోలిలో మామను పాటగాడిగా ఎరగని తెలుగు ఇల్లు లేదు. వారమంతా పవర్‌లూమ్ షెడ్డులో నేత, సెలవు రోజు కంజీర పట్టుకుని పాట. ఏ పాటైనా ఆ వారం షెడ్డులో జరిగిన సంగతే. సేఠ్ తన ఆఫీసులో కూలర్ పెట్టించుకుని, షెడ్డులో పంకాలు పీకించిన వారం పుట్టిన పాట ఇప్పటికీ జనం నోట్లో ఉంది:

"కూలరు గాలి కాగితాలకు,
ఆవిరి గాలి మా పానాలకు."

ఎక్కడో సముద్రం మధ్య దీవుల్లో కూడా ఇలాగే దొరలను ఆటపట్టిస్తూ పాడతారని, ఆ పాటలను కాలిప్సో అంటారని చదివి, ఒకసారి ఆయనకు చెప్పాను. మామ కళ్లు చిన్నవి చేశాడు. "మన పాటలు అక్కడికి ఎవడు మోసిండు?" అన్నాడు. తమాషాకు కాదు, నిజంగానే అడిగాడు.

ఇంటికి ఎవరొచ్చినా ముందు వాళ్ల ఫోన్ తీసుకుని బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించేవాడు. ఆ తర్వాతే గొంతు విప్పేవాడు. "బియ్యానికి చెవులుండయి," అనేవాడు. చాయ్ దుకాణంవాడు ఒకే రోజు రెండుసార్లు నమస్తే పెట్టాడని దుకాణమే మార్చేశాడు. నాకు బ్యాంకులో ఉద్యోగం వచ్చిన రోజు పేడా నోట్లో వేసుకుని, "ఇగ నీ ముంగట జర చూసి పాడాలె," అన్నాడు. నేను నవ్వాను.

కిందటి ఏడాది మా తెలుగు సంఘం వాళ్లు ఆయన నలభై ఏళ్ల పాటలన్నీ కలిపి ఒక ఆడియో సంకలనం తేవాలనుకున్నారు. ఆ పని నాకు అప్పగించారు. మామ తన ఇనపపెట్టెలోంచి క్యాసెట్లు ఒక్కొక్కటే చీరముక్కలో చుట్టి ఇచ్చేవాడు. ఒకటి తిరిగిస్తేనే రెండోది. వాటిని వింటూ రాసుకుంటుంటే ఒక సంగతి నన్ను పట్టుకుంది. ఏ పాటా పూర్తిగా లేదు. ఆఖరి చరణం దగ్గర మామ గొంతు ఆగిపోతుంది. కంజీర మాత్రం ఇంకో చరణం పట్టేంతసేపు మోగి ఆగుతుంది. మొదటి క్యాసెట్ నుంచి చివరిదాకా అన్నింట్లో అంతే. ఇంట్లో పాడినప్పుడూ అక్కడికే ఆపేవాడని అప్పుడు గుర్తొచ్చింది.

ఇలాంటి పాటల్లో పేరు పెట్టి కడిగేసేది ఆఖరి చరణంలోనే కదా. మరి ఆ పేర్లేమయ్యాయి? మామను షెడ్డులో మగ్గాలన్నీ చూసుకునే మాస్టర్‌ని చేసింది ఆ సేఠే. నాకు అంతా అర్థమైపోయిందనుకున్నాను. వెళ్లి అడిగాను.

"మామా, ఆఖరి చరణాలేవి?"

"నిన్ను ఎవలు అడగమన్నరు?"

"ఎవరూ అడగమనలే. సంకలనానికి కావాలె."

"పడుగు మొత్తం నేసి ఖాళీ చేస్తడారా ఎవడన్న? కొస ఉంచాలె. లేకపోతే కొత్త పోగు దేనికి ముడేస్తవ్?"

మగ్గం దగ్గర అది నిజమే. పాత పడుగు కొసలను మగ్గం మీదే ఉంచి, కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటీ వాటికి ముడి వేస్తారు. కానీ నేను అడిగింది మగ్గం గురించి కాదు. మాట దాటేస్తున్నాడని మండిపోయింది. "సేఠ్‌కు భయపడి మింగినవ్. మాస్టర్ కొలువు కోసం పాటను అమ్ముకున్నవ్," అనేశాను.

మామ బియ్యం డబ్బా మూత తీసి, నా ఫోన్‌కు అంటిన బియ్యం దుమ్మును తువ్వాలతో తుడిచి, నా చేతిలో పెట్టాడు. ఆ తర్వాత మూడు నెలలు నేను ఆ గడప తొక్కలేదు. అన్న మాట వెనక్కి తీసుకునేలోపే ఆయన పోయాడు.

పదకొండో రోజు భోజనాలయ్యాక అత్త మామ క్యాసెట్లు పెట్టమంది. షెడ్డువాళ్లు వచ్చారు, కడోదరా మిల్లుల నుంచి కూడా ఒకప్పుడు మామతో పనిచేసిన పాత మనుషులు కొందరు వచ్చారు. స్పీకర్లో కూలర్ పాట మొదలైంది. ఆఖరి చరణం దగ్గర మామ గొంతు ఆగింది. ఆయన పిరికితనం అందరికీ తెలిసిపోతుందని నేను తల దించుకున్నాను.

అప్పుడు వెనక నుంచి ఒక గొంతు లేచింది. మామ షెడ్డులో నూలు కండెలు చుట్టిన అక్క. కళ్లు మూసుకుని, తనను సతాయించిన సూపర్‌వైజర్ పేరు పెట్టి ఒక చరణం పాడింది. సరిగ్గా కంజీర ఆగేచోట ముగించింది. తర్వాతి పాటకు కడోదరా నుంచి వచ్చిన పెద్దాయన అందుకున్నాడు. ఎవరూ ఆశ్చర్యపోలేదు.

"ఇవన్నీ మామ కట్టినవేనా అక్కా?" అని అడిగాను.

"ఆయనెందుకు కడ్తడు? ఆఖరిది మాది. ఎవల గోస వాళ్లే పాడుకోవాలె అనేటోడు. టేపుల మా గొంతులు పడితే కొలువులు పోతయని ఆ జాగా ఖాళీగ ఉంచిండు. మాస్టరైనంక గూడ, మేం పాడుతుంటే సేఠ్ వస్తుండేమో అని తలుపు కాడ నిలబడి చూసేటోడు. నీకెన్నడు చెప్పలేదా?"

చెప్పలేదు. చెబితే నేనేం చేసేవాణ్ణో ఆయనకు తెలుసు. అక్క ఆ మాటలు అంటున్నప్పుడు కూడా సంకలనం కోసమని నేను ఆన్ చేసిన ఫోన్ నా జేబులో రికార్డు చేస్తూనే ఉంది. మామ అందరినీ అనుమానించాడు. నా విషయంలో ఆయన అనుమానం నిజమైంది, ఆయన విషయంలో నాది తప్పయింది. చాలా సిగ్గుగా అనిపించింది.

ఇంకో పాట చివరికొస్తోంది. అత్త నా వైపు చూసింది. "ఈసారి నువ్వు అందుకో అల్లుడా."

"నన్నెవరు గోస పెట్టిండ్రత్తా?"

"నువ్వు ఎవలను పెట్టినవో అదే పాడు."

నేను లేచి రికార్డింగు చెరిపేశాను. ఫోన్‌ను బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించాను. నాకు గొంతు లేదు, తాళమూ సరిగా రాదు. అయినా పాడాను. ఆ చరణంలో పెట్టిన పేరు నాదే.

అది మీరు వినబోయే ఈ సంకలనంలో లేదు. అక్కదీ లేదు, పెద్దాయనదీ లేదు. ప్రతి పాట చివరా మామ గొంతు ఆగి, కాసేపు కంజీర ఒక్కటే మోగుతుంది. టేపు పాడైందని అనుమానపడకండి. ఆఖరిది మీది. ఆయన మీ కోసం తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాడు.